ఎగిరే పళ్ళాలను కొలవవచ్చునా?



'ఎగిరే పళ్ళాలు ఉన్నాయా, లేవా?' అనే ప్రశ్న మన హాస్టళ్ళలో ప్రతి సంవత్సరం ఎప్పుడో ఒకప్పుడు లేస్తూనే ఉంటుంది. లేచిన ప్రతిసారీ రెండు పక్షాలు ఏర్పడతాయి. ఒక పక్షం వారు ఇతర గ్రహాల నుంచి మనుషులు వచ్చిపోతున్నారనీ, పెద్ద దేశాల ప్రభుత్వాలు ఆ సంగతి దాస్తున్నాయనీ అంటారు. రెండో పక్షం వారు ఇదంతా పనిలేనివాళ్ళ ప్రచారమని కొట్టిపారేస్తారు. అర్ధరాత్రి దాకా వాదించి, ఎవరి అభిప్రాయంతో వారే పడుకుంటారు.

ఈ వాదనలో ఒక సంగతి మరుగున పడిపోతున్నది. వాదించడం మానేసి, పరికరాలు చేతపట్టుకుని ఆకాశం కింద నిలబడిన శాస్త్రజ్ఞులు కొందరు ఉన్నారు. 1950 ప్రాంతం నుంచి నేటి వరకు ఈ పని అక్కడక్కడా జరుగుతూనే ఉన్నది. వారు ఏ పరికరాలు వాడారు? ఏం దొరికింది? ఎక్కడ చిక్కుపడ్డారు? ఇది తెలుసుకుంటే ఎగిరే పళ్ళాల సంగతి ఎట్లా ఉన్నా, కొలత అంటే ఏమిటో మనకు బాగా బోధపడుతుంది. ఫిజిక్సు ప్రాక్టికల్సులో రీడింగులు రాసుకునే ప్రతి విద్యార్థికీ ఇది పనికివచ్చే పాఠమని నా నమ్మకం.

ముందుగా ఒక మాట. 'గుర్తు తెలియని ఎగిరే వస్తువు' అనే పేరు లోని 'గుర్తు తెలియని' అన్న విశేషణం ఆ వస్తువును గురించి చెప్పేది కాదు, మన తెలివిడిని గురించి చెప్పేది. అది విమానమే కావచ్చు, బెలూన్ కావచ్చు, శుక్రగ్రహం కావచ్చు. చూసినవాడికి గుర్తు తెలియలేదు, అంతే. ఈ తేడా మనసులో పెట్టుకుని ముందుకు పోదాం.

మొదటి కొలత

ఈ కథ మొదలయిందే ఒక కొలతతో. 1947 జూన్ 24న అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో కెనెత్ ఆర్నాల్డ్ అనే పైలట్ తన చిన్న విమానంలో పోతుండగా, మెరుస్తున్న 9 వస్తువులు వరుసగా పోవడం చూశాడు. అతడు ఊరికే ఆశ్చర్యపడి ఊరుకోలేదు. తన ముందున్న గడియారం చూశాడు. ఆ వస్తువులు రెయినియర్ పర్వతం నుంచి ఆడమ్స్ పర్వతం వరకు పోవడానికి 1 నిమిషం 42 సెకన్లు పట్టింది. ఆ రెండు శిఖరాల మధ్య దూరం దాదాపు 50 మైళ్ళు. భాగహారం చేస్తే గంటకు సుమారు 1,700 మైళ్ళ వేగం వచ్చింది. అతడికే నమ్మశక్యం కాక బాగా తగ్గించి 1,200 మైళ్ళు అన్నాడు. ధ్వనివేగాన్ని మించి ఏ విమానమూ అప్పటికి సమాంతరంగా ఎగరలేదు. చక్ యీగర్ ఆ ఘనత సాధించింది అదే సంవత్సరం అక్టోబరు 14న. పత్రికల వారు 'ఎగిరే సాసర్లు' అనే పేరు పెట్టేశారు. ప్రపంచమంతా గగ్గోలు పుట్టింది.

ఇప్పుడు ఒక విద్యార్థిగా ఆ లెక్కను పరీక్షించండి. కాలం గడియారంతో కొలిచాడు, బాగానే ఉన్నది. కాని దూరం? ఆ వస్తువులు పర్వతాల దగ్గరే ఉన్నాయని అతడు అనుకున్నాడు. అవి ఒకచోట ఒక శిఖరం వెనకకు పోయినట్లు కనిపించడం అందుకు కారణంగా చెప్పాడు. కారణం సబబైనదే. అయినా అది చూపు మీద ఆధారపడిన అంచనాయే గాని కొలత కాదు. అవే వస్తువులు పదోవంతు దూరంలో ఉండి ఉంటే, వేగం కూడా పదోవంతే, అంటే 170 మైళ్ళే. సంచలనం పుట్టించిన సంఖ్యలో సగం గడియారానిది, సగం ఊహది.

కంటికి తెలిసేది కోణమే

మన కన్ను పొడవును కొలవదు, కోణాన్ని కొలుస్తుంది. చంద్రబింబం మన కంటి దగ్గర చేసే కోణం సుమారు అర డిగ్రీ. అంతే కోణం చేసే వస్తువు ఒకటి ఆకాశంలో కనిపించిందనుకోండి. అది 100 మీటర్ల దూరంలో ఉంటే దాని వెడల్పు 90 సెంటీమీటర్లకు లోపు. 1 కిలోమీటరు దూరంలో ఉంటే దాదాపు 9 మీటర్లు. 10 కిలోమీటర్ల దూరంలో ఉంటే 87 మీటర్లు. మొదటిది గాలిపటం, మూడవది ఒక పెద్ద భవనం! చూపుకు మాత్రం మూడూ ఒకటే.

వేగం సంగతీ అంతే. ఒక వెలుగు సెకనుకు 10 డిగ్రీల చొప్పున ఆకాశంలో జరిగిందనుకుందాం. అది 100 మీటర్ల దూరంలో ఉంటే గంటకు 63 కిలోమీటర్ల వేగం, మన ఆర్టీసీ బస్సు వేగం. 10 కిలోమీటర్ల దూరంలో ఉంటే గంటకు 6,300 కిలోమీటర్లు. కాబట్టి 'అది బ్రహ్మాండమైన వేగంతో పోయింది' అని ఎవరైనా అంటే మనం అడగవలసిన మొదటి ప్రశ్న 'ఎంత దూరంలో?' అన్నదే. ఈ ఒక్క ప్రశ్నకు సమాధానం దొరకక ఎన్నో కేసులు అట్లాగే మిగిలిపోయాయి. ఈ వ్యాసం చివరి దాకా ఈ ప్రశ్న మన వెంట వస్తుంది.

రెండు కెమెరాలు ఒకే వస్తువును చూడాలి

దూరం తెలుసుకునే మార్గం మనకు కొత్తది కాదు. సర్వేవారు చేసేదే. ఒకే వస్తువును రెండు చోట్ల నుంచి ఒకేసారి చూసి, రెండు కోణాలు కొలిచి, త్రిభుజం గీయాలి. 1948 చివరి నుంచి అమెరికాలోని న్యూమెక్సికో రాష్ట్రంలో ఆకుపచ్చ అగ్నిగోళాలు కనిపిస్తున్నాయని వార్తలు వచ్చాయి. అది అణుపరిశోధన కేంద్రాలూ, రాకెట్ ప్రయోగ క్షేత్రాలూ ఉన్న ప్రాంతం కనుక సైన్యం కంగారుపడింది. ఉల్కల నిపుణుడైన లింకన్ లాపాజ్ స్వయంగా సాక్ష్యాలు సేకరించాడు. 1950లో 'ప్రాజెక్టు ట్వింకిల్' అనే పేరుతో అమెరికా వైమానిక దళం పరికరాలు పెట్టించింది. అందులో ముఖ్యమైనది సినీ థియోడలైట్. అంటే సినిమా కెమెరా, కోణాలు కొలిచే థియోడలైట్ కలిసిన యంత్రం. ప్రతి ఫ్రేము మీద దిక్కు, ఎత్తు, సమయం ముద్రపడతాయి. ఇంతకంటె తగిన పరికరం ఇంకేముంటుంది?

ఫలితం ఏమిటి? 1950 ఏప్రిల్ 27న, మే 24న ఏదో ఫొటోలకు చిక్కింది. కాని రెండు కెమెరాలూ ఒకేసారి ఒకే వస్తువును పట్టుకోలేదు. ఒక కోణం ఉన్నది, రెండో కోణం లేదు. త్రిభుజం పూర్తి కాలేదు. ఆగస్టు 30న ఒక క్షిపణి ప్రయోగ సమయంలో పలువురు ఏదో చూశారు, కాని పరికరాల దగ్గర ఉన్నవారికి ఎవరూ కబురు చేయలేదు. 1951 నవంబరు నాటి తుది నివేదిక ప్రకారం పనికివచ్చే సమాచారమేదీ దక్కలేదు. కోట్ల రూపాయల పరికరం ఉన్నా కబురు చేసేవాడు లేకపోతే కొలత లేదన్న మాట.

ఇదే పద్ధతి ఫలించిన ఉదాహరణ కూడా చెప్పాలి. 1959 ఏప్రిల్ 7న చెకోస్లోవేకియాలో ప్రీబ్రామ్ దగ్గర ఒక ఉల్క రాలింది. రెండు కేంద్రాల కెమెరాలు దాన్ని ఒకేసారి ఫొటో తీశాయి. శాస్త్రజ్ఞుడు జ్డెనెక్ సెప్లెకా ఆ ఫొటోల మీద కోణాలు కొలిచి, అది సూర్యుని చుట్టూ ఏ కక్ష్యలో తిరిగి భూమి మీదికి వచ్చిందో లెక్క కట్టాడు. నేల మీద దాని ముక్కలు దొరికాయి కూడా. ఆ తరువాత అమెరికాలో స్మిత్సోనియన్ సంస్థ వారు 16 కేంద్రాలతో కెమెరాల వలయం ఏర్పాటు చేశారు. 1970 జనవరి 3 రాత్రి ఓక్లహోమా రాష్ట్రంలో లాస్ట్ సిటీ అనే ఊరి దగ్గర ఉల్క పడింది. ఫొటోలను బట్టి అది పడిన చోటు లెక్కవేశారు. జనవరి 9న మంచులో, లెక్క చెప్పిన చోటికి కిలోమీటరు లోపలే, దాదాపు 10 కిలోల రాయి దొరికింది!

గమనించండి. ఉల్క ఎప్పుడు వస్తుందో, ఎటు నుంచి వస్తుందో ముందుగా ఎవరికీ తెలియదు. అది కొద్ది సెకన్లే కనిపిస్తుంది. అయినా కొలతకు లొంగింది. కాబట్టి 'అవి చెప్పి రావు గనుక శాస్త్రానికి అందవు' అనే వాదన నిలవదు. అదృష్టం మీద కాకుండా, ప్రతి రాత్రీ తెరిచి ఉండే రెండు మూడు కళ్ళ మీద ఆధారపడాలి.

ముల్లు కదిలింది, ఆకాశంలో ఏమీ లేదు

కెనడా ప్రభుత్వ రవాణా శాఖలో పనిచేసిన రేడియో ఇంజనీరు విల్బర్ట్ స్మిత్ 1950 డిసెంబరులో 'ప్రాజెక్టు మాగ్నెట్' మొదలుపెట్టాడు. ఎగిరే పళ్ళాలు భూఅయస్కాంత శక్తితో నడుస్తాయేమోనన్నది అతడి ఊహ. అట్టావా నగరం దగ్గర షిర్లీస్ బే అనే చోట ఒక చిన్న షెడ్డులో పరికరాలు అమర్చాడు. గామా కిరణాలను లెక్కించే యంత్రం, అయస్కాంత క్షేత్రాన్ని కొలిచే మాగ్నెటోమీటరు, రేడియో రిసీవరు, గురుత్వాకర్షణలోని స్వల్పభేదాలను నమోదు చేసే గ్రావిమీటరు. ఇవన్నీ కాగితం మీద గీతలు గీస్తూ ఉంటాయి.

1954 ఆగస్టు 8 మధ్యాహ్నం గ్రావిమీటరు గీత ఒక్కసారిగా పక్కకు జరిగింది. అక్కడివారు బయటికి పరుగెత్తి పైకి చూశారు. ఆకాశమంతా దట్టంగా మబ్బు పట్టి ఉన్నది. ఏమీ కనిపించలేదు. కొద్దికాలానికే ఆ ప్రాజెక్టు మూతపడింది.

ఆ గీతకు అర్థం ఏమిటి? మబ్బుల పైన ఏదో పోయిందా? పరికరంలోనే లోపమా? కరెంటులో హెచ్చుతగ్గులా? పక్కనే అటువంటి రెండో గ్రావిమీటరు ఉండి అదీ అదే క్షణంలో కదిలి ఉంటే, లోపం పరికరానిది కాదని తెలిసేది. అది లేదు. ఒక్క పరికరం ఒక్కసారి చెప్పింది సాక్ష్యమే గాని రుజువు కాదు.

మాది వ్యవసాయ కుటుంబం. ఈ సంగతి నాకు ప్రాక్టికల్సు కంటె ముందు ధాన్యం కొనుగోలు కేంద్రంలో తెలిసింది. తేమ 17 శాతం మించితే మద్దతు ధరకు ధాన్యం తీసుకోరు. ఒక మీటరు 17 చూపిస్తుంది. అదే కుప్పలో పిడికెడు గింజలు పక్క మీటరులో వేస్తే 19 అంటుంది. ఆ రెండు శాతం తేడా మీద ఒక రైతు బస్తాలు మళ్ళీ విప్పి, రెండు రోజులు ఎండబోసుకోవాలి. అప్పుడు పెద్దవాళ్ళు అడిగే ప్రశ్నలు చూడండి: 'మీటరును ఎప్పుడు సరిచూశారు? గింజలు కుప్ప పైనుంచి తీశారా, అడుగునుంచి తీశారా? ఇంకో మీటరు పెట్టి చూడండి!' మన పాఠ్యపుస్తకంలో క్రమాంకనం, నమూనా సేకరణ, పునరావృతం అని రాసి ఉన్నది సరిగ్గా ఇదే.

రాడార్ కూడా పొరబడుతుంది. 1952 జూలైలో రెండు వారాంతాలు వాషింగ్టన్ నగరం మీద గుర్తు తెలియని వస్తువులు రాడార్ తెర మీద కనిపించాయి. యుద్ధవిమానాలు లేచాయి. ఆ రాత్రులలో నేల దగ్గరి గాలి చల్లగా, పైగాలి వెచ్చగా ఉన్నది. దీన్ని ఉష్ణోగ్రతా విలోమం అంటారు. అటువంటి పొర రాడార్ తరంగాలను కిందికి వంచుతుంది. అప్పుడు నేల మీది వస్తువులు ఆకాశంలో ఉన్నట్లు తెర మీద పడతాయి. అమెరికా పౌర విమాన సంస్థ తరువాత పరిశీలించి ఇటువంటి గుర్తులకు ఈ విలోమమే ముఖ్య కారణమని తేల్చింది. ఎండాకాలం తారురోడ్డు మీద నీళ్ళున్నట్లు మన కంటికి కనిపిస్తుంది గదా, రాడార్ కంటికి కూడా ఎండమావులు ఉంటాయి.

వెనక వచ్చిన శాస్త్రజ్ఞులు

అమెరికా వైమానిక దళం 'ప్రాజెక్టు బ్లూ బుక్' పేరిట 1969 వరకు సేకరించిన నివేదికలు మొత్తం 12,618. వీటిలో 701 గుర్తు తెలియనివిగా మిగిలిపోయాయి. ఖగోళ శాస్త్రజ్ఞుడు జె. అలెన్ హైనెక్ ఈ పనికి సలహాదారు. మొదట్లో అన్నిటినీ తోసిపుచ్చిన ఆయనే, రానురాను ఈ విషయం శ్రద్ధగా పరిశీలించదగినదేనని అన్నాడు. 1966లో కొలరాడో విశ్వవిద్యాలయంలో భౌతిక శాస్త్రజ్ఞుడు ఎడ్వర్డ్ కాండన్ నాయకత్వాన పెద్ద ఎత్తున అధ్యయనం మొదలయింది. 1969 జనవరిలో నివేదిక ప్రచురించారు. ఈ నివేదికల వల్ల విజ్ఞానానికి చేకూరింది ఏమీ లేదనీ, ఇంకా అధ్యయనం చేసినా చేకూరే ఆశ లేదనీ కాండన్ అభిప్రాయపడ్డాడు. కాని అదే నివేదిక లోపలి పుటలలో కొన్ని కేసులు వివరణ లేకుండానే ఉన్నాయని విమర్శకులు ఎత్తిచూపారు.

నాకు తోచింది చెబుతాను. ఆ 701 కేసులు 701 వింతలు కావు, 701 అసంపూర్ణ రికార్డులు. పరిశోధకులు చేరేసరికి వెలుగు పోయింది, సాక్షి జ్ఞాపకం ఒక్కటే మిగిలింది. జ్ఞాపకానికి స్కేలు లేదు.

ఆకు చెప్పిన సాక్ష్యం

వెలుగు పోయాక కూడా నేల మీద గుర్తు మిగిలితే? ఫ్రాన్సు దేశ అంతరిక్ష సంస్థ 1977లో ఇందుకోసమే 'గెపాన్' అనే విభాగాన్ని నెలకొల్పింది. 1981 జనవరి 8న ట్రాన్స్-ఆన్-ప్రొవాన్స్ అనే ఊళ్ళో ఒక వ్యక్తి తన పెరటిలో ఏదో వస్తువు దిగి, వెంటనే లేచిపోయిందని చెప్పాడు. నేల మీద వలయం లాంటి మచ్చ ఉన్నది. మర్నాడు పోలీసులు మట్టినీ, ఆకులనూ సేకరించారు. 39 రోజుల తరువాత గెపాన్ వారు వచ్చి మళ్ళీ సేకరించారు. అక్కడి లూసర్న్ మొక్క, అంటే మనం పశుగ్రాసంగా ఎరిగినదాని జాతి, దాని ఆకులలో పత్రహరితం 30 నుంచి 50 శాతం తగ్గినట్లు ప్రయోగశాలలో తేలింది.

చదవగానే ఒళ్ళు జలదరిస్తుంది. కాని పైరు పెంచినవాడికి వెంటనే కొన్ని ప్రశ్నలు పుడతాయి. ముదురాకు ఏది, లేతాకు ఏది? నీడపట్టున ఉన్న మొక్క ఏది? అక్కడ బండి చక్రాలు తిరిగాయా? ఒకే మడిలో గట్టు పక్క నారు ఒక రంగు, మధ్యలో నారు ఒక రంగు ఉండటం మనకు మామూలే. ఆ మచ్చ వాహనపు టైరు జాడ కావచ్చునని అనుమానించినవారు ఫ్రాన్సులోనే ఉన్నారు. అందుచేత మచ్చలోని ఆకు ఎంత ముఖ్యమో, మచ్చకు దూరంగా అదే ఈడు, అదే ఎండ ఉన్న ఆకు అంత ముఖ్యం. మన వ్యవసాయ శాస్త్రజ్ఞులు కొత్త మందు చల్లేటప్పుడు పక్కన మందు చల్లని మడి ఎందుకు వదులుతారో అందుకే.

లోయలో దీపాలు, చెరువుకట్ట మీద దీపం

నార్వే దేశంలో హెస్‌డాలెన్ అనే లోయ ఉన్నది. 1981 డిసెంబరు నుంచి అక్కడి జనం కొండల దగ్గర తెల్లని, పసుపుపచ్చని వెలుగులు చూడసాగారు. ఒక దశలో వారానికి 15, 20 సార్లు కనిపించేవి. ఇంజనీరు ఎర్లింగ్ స్ట్రాండ్, మరికొందరు స్వచ్ఛందంగా పూనుకుని 1984 జనవరి 21 నుంచి ఫిబ్రవరి 26 వరకు ఎముకలు కొరికే చలిలో అక్కడే మకాం పెట్టారు. రాడార్, మాగ్నెటోమీటరు, భూకంపమాపకం, రేడియో స్పెక్ట్రమ్ ఎనలైజరు, గైగర్ కౌంటరు, లేజరు, కటకం ముందు వివర్తన గ్రేటింగు బిగించిన కెమెరాలు. ఈ గ్రేటింగు వెలుగును వర్ణపటంగా విడదీస్తుంది. దీపం వెలుగా, కాలే వాయువా, వేడెక్కిన ఘనపదార్థమా అన్నది వర్ణపటం చూచాయగా చెబుతుంది.

ఆ 5 వారాలలో 53 వెలుగులు నమోదయ్యాయి. ఒక వెలుగు వైపు లేజరును 9 సార్లు చూపితే 8 సార్లు అది మినుకుమనే తీరు మార్చిందని వారు రాశారు. ఆసక్తికరమే. కాని లేజరు చూపని సమయంలో అది ఎన్నిసార్లు తనంతట తాను తీరు మార్చిందో పక్కన లెక్క ఉంటే గాని ఆ 8 కి విలువ రాదు. స్ట్రాండ్ బృందం చేసిన మంచి పని ఏమిటంటే, అంతటితో ఆగకపోవడం. 1998లో అక్కడ తనంతట తాను పనిచేసే కొలతల కేంద్రం పెట్టారు. ఇటలీ శాస్త్రజ్ఞులు కూడా వచ్చి చేరారు. తరువాతి కొలతలలో కొన్ని వెలుగులు దూరపు రోడ్డు మీది కార్ల దీపాలేనని తేలింది. కొన్నిటికి ఇంకా అందరూ ఒప్పుకునే వివరణ దొరకలేదు. రెండూ దాచకుండా చెప్పారు.

హెస్‌డాలెన్ గురించి చదివినప్పుడు నాకు మా నాన్న గుర్తుకొచ్చాడు. ఒక రాత్రి ఆయన పొలానికి నీళ్ళు కట్టబోయి చెరువుకట్ట వైపు ఒక దీపం చూశాడు. మనుషులు ఎవరూ లేరు. దీపం కాసేపు నిలిచి, కట్ట వెనకకు దిగిపోయింది. ఊళ్ళో కొందరు కొరివిదయ్యం అన్నారు. పట్నంలో చదివే మా చిన్నాన్న కొడుకు ఎగిరే పళ్ళెం అన్నాడు. మిగతావాళ్ళు నవ్వారు. అప్పటినుంచి ఆ ప్రస్తావన వస్తే నాన్న మాట మార్చేస్తాడు.

మొన్న సెలవుల్లో నేను కాగితం తీసుకుని కూర్చుని అడిగాను. 'ఏ దిక్కున నాన్నా?' 'పడమర.' 'ఎంత ఎత్తున?' ఆయన చెయ్యి చాచి చూపించి, 'కట్టమీది తాటిచెట్టు మొదలుకు జానెడు పైన' అన్నాడు. 'ఎంతసేపు?' 'ఒక బీడీ కాలినంతసేపు కదలకుండా ఉంది, తర్వాత మెల్లగా దిగిపోయింది.' 'ఎంత దూరంలో?' దానికి ఆయన, 'చీకట్లో దూరం ఎట్లా తెలుస్తుందిరా?' అన్నాడు.

మిత్రులారా, మా నాన్న చదివింది 5వ తరగతి. అయినా ఆయన తెలిసింది తెలిసినట్లు, తెలియనిది తెలియనట్లు చెప్పాడు. చాచిన చేతికి జానెడు అంటే సుమారు 20 డిగ్రీలు. దిక్కు, కోణం, కాలం మూడూ ఇచ్చాడు, దూరం ఇవ్వలేనన్నాడు. పడమటి దిక్కున మెల్లగా దిగేది శుక్రుడు కావచ్చునా అని పంచాంగం చూద్దామంటే, ఆ రోజు తారీఖు ఎవరూ రాసిపెట్టలేదు. ఒక్క తారీఖు లేక ఆ ప్రశ్న ఆగిపోయింది. కాని ఒకటి తేలింది. నవ్వినవాళ్ళు, దయ్యమన్నవాళ్ళు, పళ్ళెమన్నవాళ్ళు అందరూ తమకు తెలియనిది చెప్పారు. చూసినంతవరకే చెప్పినవాడు ఆయన ఒక్కడే. సాక్షి చూసిన వెలుగు వేరు, దాని మీద ఇతరులు కట్టిన అర్థం వేరు. అర్థాన్ని కాదనవచ్చు, మనిషిని అబద్ధాలకోరును చేయనక్కర లేదు.

ఈనాటి ప్రయత్నాలు

ఇటీవల ఈ విషయానికి మళ్ళీ గౌరవం వచ్చింది. అమెరికా నౌకాదళ విమానం నుంచి 2015లో తీసిన ఒక వీడియోలో, సముద్రం మీద ఒక చుక్క బాణంలా దూసుకుపోతున్నట్లు కనిపిస్తుంది. 2020లో ఆ దేశ రక్షణశాఖ దాన్ని అధికారికంగా విడుదల చేసింది. నాసా వారు డేవిడ్ స్పెర్గెల్ అధ్యక్షతన నియమించిన సంఘం 2023 సెప్టెంబరులో ఇచ్చిన నివేదికలో ఆ వీడియో తెరమీదనే ఉన్న అంకెలతో లెక్క చేసి చూపారు. ఆ వస్తువు సముద్రానికి దగ్గరగా లేదు, సుమారు 13,000 అడుగుల ఎత్తున ఉన్నది. 22 సెకన్లలో అది జరిగింది 390 మీటర్లు మాత్రమే. అంటే గంటకు సుమారు 64 కిలోమీటర్లు. తక్కిన వేగమంతా చూస్తున్న విమానానిదే. రైలు కిటికీలోంచి చూస్తే చెట్లు వెనకకు పరుగెత్తినట్లే. దీనినే మనం పారలాక్స్ అంటున్నాం. ఆ లెక్కకు కావలసింది ఇంటరు త్రికోణమితి మాత్రమే. అదే సంఘం, ఉన్న సమాచారంలో ఎక్కువ భాగం సరిగ్గా క్రమాంకనం చేయని పరికరాల నుంచి వచ్చిందని కూడా చెప్పింది.

హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో ఆవీ లోబ్ 2021లో ప్రారంభించిన గెలీలియో ప్రాజెక్టు వారు ఆకాశమంతటినీ చూసే పరారుణ కెమెరాలు అమర్చారు. తొలి 5 నెలల్లో సుమారు 5 లక్షల గమనపథాలు నమోదయ్యాయి. అన్నీ జల్లించగా 144 సందేహాస్పదంగా మిగిలాయి. అవి కూడా మామూలు వస్తువులే కావచ్చునని, దూరం తెలియనిదే తేల్చలేమని వారే రాశారు. 1947లో ఆర్నాల్డుకు ఎక్కడ చిక్కు వచ్చిందో ఇక్కడా అక్కడే వచ్చింది.

మన తెలుగునేలకూ ఇందులో వాటా ఉన్నది. హైదరాబాదులో టాటా పరిశోధన సంస్థ వారి బెలూన్ కేంద్రం నుంచి పరిశోధన బెలూన్లు 30, 40 కిలోమీటర్ల ఎత్తుకు పోతాయి. 30 కిలోమీటర్ల ఎత్తున ఉన్న బెలూన్ మీద, నేల మీద సూర్యోదయానికి 20 నిమిషాలకు ముందే ఎండ పడుతుంది. కింద ఊళ్ళు ఇంకా మసక చీకట్లో ఉంటాయి, పైన ఏదో వెండిగుండులా మెరుస్తుంటుంది. 2022 డిసెంబరులో ఇట్లాగే ఎగిరిన ఒక పెద్ద గుళిక వికారాబాద్ జిల్లాలో పొలాల్లో దిగితే జనం వింతగా గుమిగూడారు. పొలంలో దిగిన పరికరాలను ముట్టుకోవద్దని, పోలీసులకు కబురు చేయమని ఆ కేంద్రం వారు ప్రకటనలు ఇస్తుంటారు. శ్రీహరికోట రాకెట్ పొగ సంజె వెలుగులో రంగులీనడం, 2019 నుంచి స్టార్‌లింక్ ఉపగ్రహాలు రైలుపెట్టెల్లా వరుసగా పోవడం కూడా ఇదే కోవలోకి వస్తాయి.

మనం చేయగలిగింది

ఖరీదైన పరికరాలు లేకపోయినా మన కాలేజీలో ఈ పాఠం ఆచరణలో పెట్టవచ్చు. చాచిన చేతికి చిటికెన వేలి వెడల్పు 1 డిగ్రీ, పిడికిలి 10 డిగ్రీలు, జాన 20 డిగ్రీలు. ఆకాశంలో ఏదైనా వింత కనిపిస్తే ముందు గడియారం చూసి తారీఖు, సమయం రాయండి. దిక్కు, ఎత్తు వేళ్ళతో కొలవండి. ఫోనులో ఫొటో తీస్తే చెట్టో, స్తంభమో చట్రంలో పడేట్లు తీయండి. వేరే చోట ఉన్న స్నేహితుడికి వెంటనే కబురు చేసి అతడినీ కొలవమనండి.

ఇద్దరి మధ్య దూరం 1 కిలోమీటరు, ఇద్దరి దిక్కులలో తేడా 5.7 డిగ్రీలు అనుకోండి. ఆ వస్తువు దాదాపు 10 కిలోమీటర్ల దూరంలో ఉన్నట్లు. అయితే ఒక్కొక్కరి కొలతలో 1 డిగ్రీ తప్పుకు అవకాశం ఉంటే, నిజమైన దూరం ఏడున్నర నుంచి పదిహేనున్నర కిలోమీటర్ల మధ్య ఎక్కడైనా ఉండవచ్చు. ఆ రెండు అంకెలూ కలిపి చెప్పినప్పుడే అది శాస్త్రీయమైన సమాధానం అవుతుంది. మన ఫిజిక్సు అసోసియేషన్ వారు కాలేజీ మేడ మీద ఒక జట్టునూ, హాస్టల్ మేడ మీద ఒక జట్టునూ నిలబెట్టి, దారిన పోయే విమానాల మీద ఈ ప్రయోగం చేయిస్తే బాగుంటుందని అధ్యాపకులకు నా విన్నపం.

ఇక 'ఎగిరే పళ్ళాలను కొలవవచ్చునా?' అన్న ప్రశ్నకు నా సమాధానం ఇది: కనిపించే ప్రతి వెలుగునూ కొలవవచ్చు, రెండు చోట్ల నుంచి, సరిచూసిన పరికరంతో, రాసిపెట్టే ఓపికతో. ఇతర గ్రహవాసుల సంగతి కొలతలు ఇంతవరకు చెప్పలేదు. చెప్పనిదాన్ని మనం చెప్పించరాదు. ఊళ్ళలో రాత్రిపూట పొలాలకు పోయేవారు మన కంటె ఎక్కువ ఆకాశం చూస్తారు. వారిలో ఎవరైనా మీ దగ్గరకు వచ్చి ఏదో చూశానని చెబితే నవ్వకండి, తల ఊపి నమ్మేయకండి. పక్కన కూర్చోబెట్టుకుని అడగండి: ఏ దిక్కున, ఎంత ఎత్తున, ఎంతసేపు, ఏ తారీఖున. విజ్ఞానశాస్త్రం అక్కడ మొదలవుతుంది.